టీ చల్లారేదాకా

అసిరినాయుడికి తన గురువు మీద ఒకటే ఫిర్యాదు. ఆయన ప్రతి రోగినీ ప్రశ్న అడుగుతారు.

నాడి పట్టి చూడగలిగిన వైద్యుడికి ప్రశ్నలెందుకన్నది అతని బాధ. మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనిస్తే ఒళ్ళు తన సంగతి తానే చెప్పుకుంటుంది. ఇక మనిషి చేత నోటితో చెప్పించడం దేనికి?

ఇది మలేషియాలో, పేరాక్ నది సముద్రంలో కలిసే చోట ఉన్న ఒక చిన్న ఊరి సంగతి. ఊరికి ఒక పక్క చీనా జాలరుల రేవు, ఇంకో పక్క కొబ్బరి తోటలు. ఆ తోటల్లో పని చెయ్యడానికి తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చిన తెలుగువాళ్ళు అక్కడే స్థిరపడిపోయారు. రేవుకీ తోటలకీ మధ్య ఒక బౌద్ధుల గుడి ఉంది. గుడి వసారాలో వారానికి నాలుగు రోజులు పొద్దుటిపూట ఉచితంగా వైద్యం చేస్తారు. వైద్యం చేసేది జింగ్‌యువాన్ అనే ముసలి భిక్షువు. ఆయన్ని అందరూ షిఫు అంటారు, అంటే గురువుగారని.

అసిరినాయుడు చీనా బళ్ళో చదువుకున్నాడు. అదేదో ముందుచూపుతో జరిగింది కాదు. కాలవ దాటగానే ఉన్నది ఆ బడే, తల్లి పోయాక అతన్ని పెంచిన అక్క సూరమ్మకు తమ్ముడు దూరం నడవకూడదు. అంతే. ఆ చదువు పుణ్యమా అని తోటల నుంచి వచ్చే తెలుగు రోగుల మాటలు షిఫుకి చెప్పే పని దొరికింది. రెండేళ్ళు మాటలు మోశాక, షిఫు అతనికి నాడి చూడడం నేర్పారు. ఇంకో మూడేళ్ళు గడిచేసరికి అతని వేళ్ళు నిజంగానే గొప్ప వేళ్ళయ్యాయి. ఈ మాట వెటకారంగా అనడం లేదు. ఆ వేళ్ళకు తిరుగు లేదు.

చిక్కల్లా ఆ సంగతి అతనికి కూడా తెలియడమే.

రోగి వచ్చి కూర్చోగానే అతను మణికట్టు ఆనించే చిన్న దిండు ముందుకు జరిపి చెయ్యి అందుకునేవాడు. కాసేపు కళ్ళు మూసుకునేవాడు. "రాత్రి నిద్ర లేదు. కుడి డొక్కలో పట్టేసినట్టుంది. నిన్న తిన్నది అరగలేదు," అనేవాడు. రోగి నోరు వెళ్ళబెట్టేవాడు. ఆ నోరు మూసుకునేలోపు మందు పొట్లం చేతిలో పడేది. అసిరినాయుడి దగ్గర నోరు విప్పక్కర్లేదని తోటల్లో చెప్పుకునేవారు. అతను ఆ మాట విని, విననట్టు నటించేవాడు.

షిఫు పద్ధతి వేరు. రోగి కూర్చోగానే చిన్న కప్పులో టీ పోస్తారు. "జెన్‌మ ల?" అని అడుగుతారు, ఏమైంది అని. ఆ తర్వాత కప్పు ఖాళీ అయ్యేదాకా ఆయన దిండు ముట్టుకోరు, మాట్లాడరు. చీనావాళ్ళు చీనాలో చెప్పుకుంటారు, మలయావాళ్ళు మలయా భాషలో చెప్పుకుంటారు. తెలుగు ముసలాళ్ళు తెలుగులో చెప్పుకుంటారు, షిఫుకి తెలుగు ఒక్క ముక్క రాకపోయినా.

ఒకసారి ఒక తాత అలా తెలుగులో చాలాసేపు మాట్లాడి వెళ్ళాడు. "మోకాలి నొప్పి, షిఫూ," అని అసిరినాయుడు కుదించి చెప్పాడు.

"అంతేనా? మేక గురించి కూడా చెప్పాడు."

"మీకెలా తెలుసు?"

"మధ్యలో మేకలా అరిచాడు కదా," అన్నారు షిఫు. "పాపం, దానికేమైందో కనుక్కో."

అసిరినాయుడు కనుక్కోలేదు. మేకకీ మోకాలికీ ఏమిటి సంబంధం అనుకున్నాడు.

అంత పేరున్న వేళ్ళకూ ఒక చోట ఓటమి ఉంది, అదీ సొంత అక్క దగ్గర. వాళ్ళ వైపు మాటలో అక్కని అప్ప అంటారు. సూరమ్మ కొబ్బరి ఎండబెట్టే బట్టీ దగ్గర కాయలు పగలగొట్టి, కురిడీ తీసే పని చేసేది. పొద్దున నిలబడితే సాయంత్రందాకా నిలబడే ఉండాలి. ఆ నిలబడ్డ కాళ్ళే అసిరినాయుణ్ణి చదివించాయి. అతను గుడి వెనక గదిలో ఉండేవాడు, ఆమె తోట ఇళ్ళలో ఉండేది. నెలకొకసారి పనిగట్టుకుని వచ్చేది. తమ్ముడు నాడి చూసి, "మోకాళ్ళు, చక్కెర జబ్బు, నిద్ర లేదు," అని మూడు ముక్కల్లో చెప్పి పొట్లాలిచ్చేవాడు. ఆమె మురిసిపోతూ వెళ్ళేది. కానీ నెలనెలకీ ఆమె నడక పాడవుతోంది. వసారా మెట్లెక్కేటప్పుడు తూలుతోంది. ఆ కాళ్ళు పోతే ఆమెకు పనొక్కటే కాదు, బతుకే పోతుందని అతనికి తెలుసు. ఎవరి చేతి మీదుగానో అన్నం తినే మనిషి కాదు ఆమె.

ఒక రోజు రోగులందరూ వెళ్ళాక షిఫు దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు.

"షిఫూ, మా అప్ప నాడి సరిగ్గానే చూస్తున్నాను. మందు కూడా సరైనదే. అయినా తగ్గడం లేదు. ఏ మూలిక మార్చమంటారు?"

"ఆమె ఏమంటోంది?" అడిగారు షిఫు.

"ఆమె ఏమీ అనదు. చెప్పాల్సినవన్నీ నేనే చెప్పేస్తాను."

షిఫు అతని వైపు చూశారు. "నేను రోగుల్ని అడిగే మాట ఉంది కదా. అదేమిటో నీకు తెలుసా?"

అసిరినాయుడికి ప్రాణం లేచొచ్చింది. తెలియకేం? ఆ మాట మీద అతని దగ్గర ఒక నోట్‌బుక్కే ఉంది. పరుగెత్తుకెళ్ళి తెచ్చి, విప్పి చూపించాడు. దారి అడిగేటప్పుడు జెన్‌మ అంటే ఎలా. రాని మనిషిని నిలదీసేటప్పుడు 'ఎందుకు రాలేదు'లో ఎందుకు. ముందు 'బు' చేరిస్తే అంతగా ఏం లేదని, కూర ఎలా ఉందంటే మొహమాటస్తులు చెప్పే జవాబు. వెనక 'బాన్' చేరిస్తే ఇప్పుడేం చేసేదని. ఎంత తోసినా తలుపు తెరుచుకోకపోతే ఆ 'ఎంత తోసినా'లో ఉన్నదీ అదే మాట. వాన రాదనుకున్న పూట వాన పడితే, అదేమిటి అని ఆశ్చర్యపోవడానికీ అదే. ఆఖరున 'ల' తగిలిస్తే ఏమైంది అని అర్థం. ఒక్కోదానికీ నాలుగేసి ఉదాహరణలు, కింద ఎర్ర సిరాతో గీతలు.

షిఫు ప్రతి పేజీ కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చదివారు. "నీ అక్షరం చాలా బాగుంది," అన్నారు. "ఏడు రకాలూ సరిగ్గానే రాశావు. వీటిలో ఇవాళ నువ్వు ఎన్ని వాడావు?"

అసిరినాయుడు ఆలోచించాడు. ఆ రోజు అతని ముందు ముప్ఫై ఒక్క మంది కూర్చున్నారు. ఎవర్నీ ఏమీ అడగలేదు.

షిఫు లేచి, అతని బల్ల మీది చిన్న దిండు తీసుకున్నారు. దాన్ని తన కుర్చీలో వేసుకుని దాని మీద కూర్చున్నారు. కూర్చుని, టీ కూజా అతని చేతికిచ్చారు.

"రేపటి నుంచి నువ్వు ఎవరి చెయ్యీ పట్టుకోవద్దు. టీ పోసి పెట్టు. ఏమైందని అడుగు. కప్పు ఖాళీ అయ్యేదాకా ఆ మాట తప్ప ఇంకో మాట అనకు. తర్వాత నా దగ్గరికి పంపించు."

"ఎన్నాళ్ళు, షిఫూ?"

షిఫు వెనక్కి జారబడ్డారు. దిండు మెత్తగా ఉన్నట్టుంది, కళ్ళు మూసుకున్నారు.

మర్నాడు అసిరినాయుడి మొహం చూడాలి. పట్టుబట్టల్లో ఉన్నవాణ్ణి వంటపాత్రలు తోమమన్నట్టుంది. మొదట వచ్చిన చేపలమ్మే చీనా ఆవిడ ఎప్పటిలాగే చెయ్యి చాపింది. అతను ఆ చేతిలో టీ కప్పు పెట్టి, "జెన్‌మ ల?" అన్నాడు.

"నన్నడుగుతావేం? నీ వేళ్ళకేమైనా అయిందా?" అందామె. టీ ఒక్క గుక్కలో తాగేసి షిఫు దగ్గరికి వెళ్ళిపోయింది. తర్వాతి వాళ్ళూ అంతే. కడుపు నొప్పి, గుటుక్కున టీ. దగ్గు, గుటుక్కున టీ. మధ్యాహ్నానికి కూజాలు ఖాళీ అయ్యాయి కానీ ఎవరూ రెండో మాట చెప్పలేదు.

"అడిగాను షిఫూ. ఎవరికీ చెప్పాలని లేదు," అన్నాడు, కొంచెం గెలిచినట్టుగానే.

షిఫు కూజా పట్టుకుని చూశారు. "ఎంత వేడిగా పోశావు?"

"తాగడానికి వీలుగా, గోరువెచ్చగా."

మర్నాడు షిఫు తానే పొయ్యి దగ్గర నిలబడి, టీ కళపెళా మరిగించి కూజాలో పోసి ఇచ్చారు.

ఆ టీ గుటుక్కున తాగడం ఎవరి తరమూ కాలేదు. కప్పు అంచు పట్టుకుంటేనే వేలు కాలుతోంది. మనిషి కప్పు కింద పెట్టి ఊదుకోవాలి. ఊదుకుంటూ ఎంతసేపని ఊరుకుంటాడు? ఎదుటివాడు మాట్లాడడు, లేచి పోదామంటే టీ వదిలేసినట్టవుతుంది. దాంతో కడుపు నొప్పి అన్నవాడు టీ కొంచెం చల్లారేసరికి, ఆ నొప్పి తమ్ముడితో పడవ పంచుకున్న రోజు నుంచి మొదలైందని చెప్పాడు. దగ్గు అన్న ముసలామె, రాత్రిళ్ళు కోడలికి వినపడకుండా గుడ్డలో దగ్గుతానని సగం కప్పు దగ్గర చెప్పింది. చేపలావిడ మూడో రోజు వచ్చి అరగంట కూర్చుంది, లేచేటప్పుడు అతనికి ఒక ఎండుచేప ఇచ్చింది. గుడిలో ఉండేవాడు తినడని ఆమెకు గుర్తు లేదు. అతను రెండు చేతులా తీసుకున్నాడు.

అయినా అతనికి తిక్కగానే ఉండేది. మధ్యలో అందుకుని 'అది కాలేయం' అని చెప్పెయ్యాలని నాలుక దురదపెట్టేది. దాన్ని పళ్ళ కింద పెట్టుకుని కూర్చునేవాడు.

పన్నెండో రోజున సూరమ్మ వచ్చింది.

మెట్లు ఒక్కొక్కటే పట్టుకుని ఎక్కింది. బల్ల ముందు కూర్చుని, చెమట తుడుచుకుని, చెయ్యి చాపింది. అసిరినాయుడు టీ పోసి ఆమె ముందు పెట్టాడు.

"నాకెందుకురా టీ? ఆ పొట్లాలేవో ఇచ్చీ. బట్టీ కాడ పనుంది."

అతను ఆమె చెయ్యి ముట్టుకోలేదు. "ఏటయినాదప్పా?" అన్నాడు. గుడిలో అతను ఆ మాటను తెలుగులో అడగడం అదే మొదలు.

ఆమె నవ్వింది. "నీకు తెల్దేటి? చెయ్యి పట్టుకుంటే నువ్వే సెప్తావు గదా. మా తమ్ముడికి నేను సెప్పక్కర్నేదని అందరికీ సెప్పుకుంటాను."

అతను కప్పు ఆమె వైపు జరిపాడు. ఆమె కప్పు పట్టుకోబోయి, చురుక్కుమని వదిలేసింది.

"మోకాళ్ళు అలాగే ఉన్నాయి," అంది. ఊదుకుంది. "నిద్దర అంతంత మాత్రం." మళ్ళీ ఊదుకుంది. బట్టీలో కొత్తగా వచ్చిన మేస్త్రీ గురించి చెప్పింది. పక్కింటి అమ్మాయి నీళ్ళోసుకుందని చెప్పింది. టీ సగమయింది. అసిరినాయుడు అలాగే చూస్తున్నాడు. తమ్ముడు తనవైపు ఇంతసేపు చూసి ఎన్నాళ్ళయిందో అనుకుందో ఏమో, ఆమె గొంతు కొంచెం మెత్తబడింది.

"ఒక నవ్వొచ్చే సంగతి సెప్పనా? ఎడం కాలి చెప్పు జారిపోతన్నాదిరా. ఎక్కడ ఒగ్గేసి వచ్చేస్తన్నానో నాకే తెలవడం నేదు. మొన్న ఇంటికెళ్ళి చూసుకుంటే ఒక చెప్పే ఉంది. నడిచిందంతా అలాగే నడిచీసినాను."

నవ్వింది. అతను నవ్వలేదు. వంగి బల్ల కిందకి చూశాడు. ఎడం పాదానికి పాత చీర పేలిక చుట్టి ఉంది.

కప్పులో ఇంకా టీ ఉంది. అతనికి ఒక్క మాటే అనుమతి ఉంది. ఆ మాటే అన్నాడు.

"ఏటయినాదప్పా?"

"అదా? కొబ్బరి చిప్ప గుచ్చుకున్నాది. రెండు నెల్లయినాది. నొప్పి నేదురా. నొప్పే నేనిదానికి నీకు సెప్పడమెందుకనీసి."

అతను నేల మీద కూర్చుని పేలిక విప్పాడు. చిటికెన వేలు నల్లబడి ఉంది. దాని కింద అరికాల్లో రంధ్రం పడి ఉంది. వాసన వచ్చింది. ఆ వాసన కిందటి నెల కూడా వచ్చింది, బట్టీలో కొబ్బరి మురిగిన వాసన అనుకున్నాడు. కిందటి నెల అతను ఈ మనిషి చెయ్యి పట్టుకుని, కళ్ళు మూసుకుని, మోకాళ్ళన్నాడు. ఆ కళ్ళు తెరిచి కిందకి చూస్తే మూరెడు దూరంలో ఈ కాలు ఉంది. తన మొహం మీద తనే ఉమ్మేసుకోవాలనిపించింది.

"షిఫూ!" అని అరిచాడు. వసారాలో అందరూ తిరిగి చూశారు. "జెన్‌మ బాన్? షిఫూ, జెన్‌మ బాన్?" ఇప్పుడేం చెయ్యాలి, ఇప్పుడేం చెయ్యాలి. ఏ పేజీలో రాసుకున్న మాటో అతనికి గుర్తు కూడా లేదు.

షిఫు దిండు మీద నుంచి లేచి వచ్చారు. పాదం చూశారు. నాడి చూడలేదు.

"ఆసుపత్రికి. ఇప్పుడే," అన్నారు.

చేపలావిడ కొడుకు వ్యానులో ఎక్కించుకుని పట్నం తీసుకెళ్ళారు. దారి పొడుగునా సూరమ్మ తన పొట్లాల గురించి, సగంలో వదిలేసిన బట్టీ పని గురించి అడుగుతూనే ఉంది. ఆసుపత్రిలో చిటికెన వేలు తీసేశారు. మిగతా కాలు దక్కింది. ఇంకో పది రోజులు ఆగి ఉంటే మోకాలి దాకా పోయేదని డాక్టరమ్మ చెప్పింది. చక్కెర ఉన్నవాళ్ళ పాదాలకు స్పర్శ పోతుందనీ, అడక్కపోతే వాళ్ళకై వాళ్ళు చెప్పరనీ కూడా చెప్పింది. అసిరినాయుడు ఆమెకు దణ్ణం పెట్టాడు. వ్యాను నడిపిన అబ్బాయికి దణ్ణం పెట్టాడు. ఆ రోజు అతనికి ఎవర్ని చూసినా దణ్ణం పెట్టాలనే ఉంది.

మూడో రోజు పొద్దున్న గుడికి వచ్చాడు. షిఫు వసారాలో చాప మీద నారింజ తొక్కలు ఎండబెడుతున్నారు. అసిరినాయుడు ఆయన ముందు బోర్లా పడి, రెండు చేతులూ చాచి సాష్టాంగపడ్డాడు. తొక్కలు చెదిరాయి.

"షిఫూ, మా అప్ప కాలు నిలబెట్టారు. అమ్మ పోయినప్పటి నుంచీ నన్ను మోసిన కాలు అది. మీకు ఏమిచ్చినా తక్కువే. జన్మంతా మీ గుడి ఊడుస్తాను."

షిఫు చెదిరిన తొక్కలు ఏరుకుంటూ అడిగారు. "ఆమె కాలు నేనెప్పుడు చూశాను?"

"నేను పిలిచాక చూశారు."

"నీకెలా తెలిసింది?"

"అప్పే చెప్పింది, షిఫూ."

"మరి ఇక్కడ పడుకున్నావేం?"

అసిరినాయుడు లేచాడు. బట్టలకంటిన దుమ్ము కూడా దులుపుకోకుండా బస్సెక్కాడు.

ఆసుపత్రిలో సూరమ్మ మంచం మీద దిండుకి జారబడి కూర్చుని ఉంది. పక్క మంచం ఆమెకు తమ్ముడి గొప్ప చెబుతోంది. మూడు వేళ్ళు ఆనించి అన్నీ చెప్పేస్తాడంటోంది. అతను తిన్నగా మంచం చివరికి వెళ్ళి, కట్టు కట్టిన పాదం దగ్గర తల వంచాడు.

ఆమె కంగారుపడి కాలు వెనక్కి తీసుకోబోయింది. "ఏయ్, ఒద్దురా. పుండు కాలు అది. పెడితే ఈ కాలికి పెట్టు."

"ఇదే కావాలప్పా," అన్నాడు.

నర్సు వచ్చి పక్కకు జరగమనేదాకా తల ఎత్తలేదు.